స్టూడెంట్ అఫైర్స్ మాస్టర్స్‌లో సీటొస్తుందా? మీ అవకాశాన్ని మీరే లెక్కగట్టుకునే పద్ధతి

ఎంసెట్ రాసి పెరిగిన మనకు ఒక అలవాటు ఉంది. ర్యాంకు చేతికి రాగానే కిందటేడాది చివరి ర్యాంకుల జాబితా ముందు వేసుకుని, ఈ ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుంది, ఏ బ్రాంచి వస్తుంది అని టిక్కులు పెట్టుకుంటాం. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు కూడా దాదాపు ఇదే పద్ధతిలో యూనివర్సిటీలను సేఫ్, మోడరేట్, యాంబిషియస్ అని మూడు కుప్పలు పోస్తారు. అమెరికాలో స్టూడెంట్ అఫైర్స్ మాస్టర్స్‌కి ఈ పద్ధతి పనిచేయదు. "నాకు 7.4 సీజీపీఏ, సీటొస్తుందా?" అని అడిగేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే: ఆ అంకె మీ అవకాశంలో చిన్న భాగం. సీటు రావడం ఒక సంగతి, ఆ సీటులో చేరి రెండేళ్లు చదవడానికి డబ్బు రావడం ఇంకో సంగతి. ఈ రెండూ వేర్వేరు మనుషుల చేతుల్లో ఉంటాయి. రెండింటినీ కలిపి లెక్కేసినప్పుడే మీ అసలు అవకాశం తెలుస్తుంది.

ఈ రంగం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కాలేజీలో తరగతి గది బయట విద్యార్థికి జరిగేదంతా స్టూడెంట్ అఫైర్స్ కిందికి వస్తుంది. హాస్టళ్లు, కొత్తవాళ్ల ఓరియెంటేషన్, కెరీర్ సెంటర్, క్రమశిక్షణ వ్యవహారాలు, క్లబ్బులు, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు, వైకల్యం ఉన్న విద్యార్థులకు సాయం అన్నీ ఇందులోవే. మన దగ్గర ఈ పనులను వార్డెన్, ఎన్ఎస్ఎస్ ఆఫీసర్, డీన్ ఆఫ్ స్టూడెంట్స్ వెల్ఫేర్ చూస్తారు. సాధారణంగా వాళ్లు పాఠాలు చెబుతూనే ఈ బాధ్యత అదనంగా మోస్తారు. అమెరికాలో ఇది విడి వృత్తి. 1919లో మొదలైన నాస్పా, 1924లో మొదలైన ఏసీపీఏ అనే రెండు సంఘాలు ఈ వృత్తికి పెద్దదిక్కు. విద్యార్థిని బుర్ర ఒక్కటే ఉన్న ప్రాణిగా కాక నిండు మనిషిగా చూడాలని 1937లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఒక పత్రంలో చెప్పింది. ఈ రంగం ఇప్పటికీ ఆ మాట మీదే నడుస్తోంది. మీ దరఖాస్తునూ ఆ కళ్లతోనే చూస్తారు. అందుకే మార్కులొక్కటీ చూసి వేసే అంచనా ఇక్కడ తప్పుతుంది.

మొదటి అడుగు: రెండు తలుపులను విడివిడిగా చూడండి

మొదటి తలుపు అడ్మిషన్. ఆ ప్రోగ్రాంలో పాఠాలు చెప్పే ప్రొఫెసర్ల కమిటీ దీన్ని చూస్తుంది. మార్కులు, ఎస్ఓపీ (ఈ చదువు ఎందుకో మీరే రాసుకునే వ్యాసం), సిఫారసు లేఖలు, మీ రాత తీరు, ఈ వృత్తి ఎందుకో మీకు తెలుసా లేదా అన్నవి వాళ్లకు ముఖ్యం.

రెండో తలుపు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్, అందరూ జీఏ అంటారు. దీన్ని ఎక్కువగా ఇచ్చేది క్యాంపస్‌లోని ఆఫీసులు: రెసిడెన్స్ లైఫ్ (హాస్టళ్లు చూసే ఆఫీసు), ఓరియెంటేషన్, కెరీర్ సెంటర్, స్టూడెంట్ యాక్టివిటీస్ లాంటివి. ఆగస్టు నుంచి పనిలోకి దిగి, రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగినా కంగారుపడకుండా ఎత్తే మనిషి వాళ్లకు కావాలి. సాధారణంగా వారానికి 20 గంటల పని. దానికి బదులుగా ట్యూషన్ ఫీజు మొత్తమో కొంతో మాఫీ, పైగా స్టైపెండ్. రెసిడెన్స్ హాల్లోనే, అంటే హాస్టల్లోనే ఉండి చేసే ఉద్యోగమైతే గది, చాలాచోట్ల భోజనం కూడా ఇస్తారు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అంటే పూర్తి జీఏ దొరికితే మీ కోటా మొత్తం దానితోనే అయిపోతుంది. పక్కన ఇంకో పని చూసుకుని ఖర్చులు పూడ్చుకుందామంటే కుదరదు. అందుకే ఆ ఒక్క ఆఫరులో ఫీజు ఎంత మాఫీ అవుతుంది, చేతికి ఎంత వస్తుంది అన్నది ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు ప్రాణం లాంటి విషయం.

కొన్ని ప్రోగ్రాముల్లో ఈ రెండు తలుపులకూ ఒకే గొలుసు ఉంటుంది. జీఏ వచ్చినవాళ్లకే ఫుల్‌టైమ్ సీటు ఖాయం చేస్తారు. ఇంకొన్ని చోట్ల సీటు ఇచ్చేసి, జీఏ మీరే వెతుక్కోమంటారు. మీ జాబితాలోని ప్రతి పేరు పక్కనా ఇది ఏ రకమో ముందు రాసుకోండి.

రెండో అడుగు: ప్రోగ్రాం ఏ జాతిదో పోల్చుకోండి

ఒకే చదువు పది పేర్లతో కనిపిస్తుంది. హయ్యర్ ఎడ్యుకేషన్ అండ్ స్టూడెంట్ అఫైర్స్, కాలేజ్ స్టూడెంట్ పర్సొనెల్, స్టూడెంట్ అఫైర్స్ అడ్మినిస్ట్రేషన్, ఉత్తి హయ్యర్ ఎడ్యుకేషన్. డిగ్రీ ఎంఏ కావచ్చు, ఎంఎస్ కావచ్చు, ఎంఈడీ కావచ్చు. పేరు చూసి మోసపోకండి, సిలబస్ చూడండి. విద్యార్థి వికాస సిద్ధాంతాలు, కౌన్సెలింగ్ నైపుణ్యాలు, ప్రాక్టికమ్ (ఆఫీసులో పనిచేస్తూ నేర్చుకునే కోర్సు) ఉంటే అది స్టూడెంట్ అఫైర్స్ వైపు మొగ్గిన ప్రోగ్రాం. ఫైనాన్స్, పాలసీ, గవర్నెన్స్ ఎక్కువగా ఉంటే పరిపాలన వైపు మొగ్గినది. ఎస్ఓపీలో హాస్టల్ అనుభవం గురించి మూడు పేజీలు రాసి పాలసీ ప్రోగ్రాంకి పంపితే మీకు సరిపోని చోటే తిరస్కరణ వస్తుంది. దాన్ని మీ ప్రతిభకు కొలమానంగా తీసుకోవద్దు.

అవకాశం అంచనా వేయడానికి వీటిని మూడు జాతులుగా చూడటం నాకు అలవాటు. మొదటిది, పెద్ద క్యాంపస్ పట్టణాల్లో ఉండే పాతకాలపు బ్యాచ్ ప్రోగ్రాములు. ఒహాయోలో బౌలింగ్ గ్రీన్ స్టేట్, మయామి యూనివర్సిటీ, బ్లూమింగ్టన్‌లో ఇండియానా యూనివర్సిటీ, ఇంకా జార్జియా, వెర్మాంట్, కొలరాడో స్టేట్ లాంటివి ఈ రంగంలో అందరికీ తెలిసిన పేర్లు. ఇలాంటి ప్రోగ్రాముల్లో ఏడాదికి ఒక చిన్న బ్యాచ్‌ని తీసుకుంటారు, జీఏ చదువులో భాగంలా ఉంటుంది. పోటీ అంతా రెండో తలుపు దగ్గరే. రెండోది, పెద్ద నగరాల్లోనో పెద్ద పేర్లతోనో ఉన్న ప్రైవేటు యూనివర్సిటీలు: న్యూయార్క్ యూనివర్సిటీ, కొలంబియాలోని టీచర్స్ కాలేజ్, సదరన్ కాలిఫోర్నియా, పెన్సిల్వేనియా, వాండర్‌బిల్ట్ లాంటివి. వీటిలో ట్యూషన్ భారీగా ఉంటుంది. అడ్మిట్ లెటర్ వచ్చినంత మాత్రాన సంబరపడొద్దు, సహాయం పోగా మిగిలే ఫీజు ఎంతో చూడాలి. మూడోది, ఆ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సాయంత్రాలు చదువుకునే పార్ట్‌టైమ్ ప్రోగ్రాములు. గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉండి, ఏదైనా కాలేజీలో స్టాఫ్‌గా పనిచేస్తున్న తెలుగువాళ్లకు ఇవి చాలా మంచి దారి, ఎందుకంటే చాలా కాలేజీలు తమ ఉద్యోగుల ఫీజులో కొంత భరిస్తాయి. ఎఫ్-1 మీద వెళ్లాలంటే మాత్రం పూర్తి కోర్స్ లోడ్ తప్పనిసరి కాబట్టి ఈ దారి మూసుకుపోయినట్టే.

మూడో అడుగు: మార్కుల సంగతి త్వరగా తేల్చేయండి

చాలా ప్రోగ్రాములు 4 మీద 3.0 జీపీఏ అడుగుతాయి. ఇక్కడే మనవాళ్లు ఒక తప్పు చేస్తారు. 7.2 సీజీపీఏని 0.4తో గుణించి 2.88 అనుకుని కుంగిపోతారు. మార్పిడి అలా జరగదు. యూనివర్సిటీలు మన గ్రేడింగ్ ఎంత గట్టిగా ఉంటుందో దృష్టిలో పెట్టుకుని సొంతంగానో విదేశీ డిగ్రీలను మదింపు చేసే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థల ద్వారానో లెక్కిస్తాయి. మన ఫస్ట్ క్లాస్ విద్యార్థికి సాధారణంగా ఈ గీత అడ్డం రాదు. ఏ పద్ధతి వాడతారో గ్రాడ్యుయేట్ స్కూల్ పేజీలో చూసి, అదే వాడండి.

బీఏ, బీకాం, బీఎస్సీ లాంటి మూడేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు మాత్రం మార్కుల కంటే ముందు ఇంకొకటి అడగాలి: మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటారా? కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల పైన పీజీ ఉండాలంటారు, కొన్నిచోట్ల అసలు తీసుకోరు. ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచిపెట్టుకోండి. ఫీజు కట్టి, లేఖలన్నీ తెప్పించుకున్నాక ఈ సంగతి బయటపడితే ప్రాణం ఉసూరుమంటుంది.

బ్యాక్‌లాగ్స్ ఉంటే దాచొద్దు. ఒక సెమిస్టర్ దెబ్బతిని తర్వాత కోలుకుంటే, కారణం రెండు వాక్యాల్లో చెప్పండి. చదువులో తడబడిన విద్యార్థికి అండగా నిలబడటమే ఈ వృత్తి. తడబాటును నిజాయితీగా చెప్పినవాళ్లను ఈ కమిటీలు వేరే రంగాల కమిటీల కంటే ఓపిగ్గా వింటాయని నా నమ్మకం. జీఆర్ఈని చాలా ప్రోగ్రాములు ఎత్తేశాయి. ఐచ్ఛికం అన్నచోట స్కోరు బాగుంటేనే పంపండి.

నాలుగో అడుగు: మీ అనుభవాన్ని వాళ్ల కళ్లతో తూకం వేయండి

అసలు లెక్క ఇక్కడుంది. మీతో పోటీపడే అమెరికన్ విద్యార్థులు చాలామంది డిగ్రీలోనే ఆర్ఏగా, అంటే హాస్టల్ అంతస్తును చూసుకునే సీనియర్ విద్యార్థిగా రెండేళ్లు చేసి ఉంటారు. ఓరియెంటేషన్ లీడర్‌గా వేసవి అంతా పనిచేసి ఉంటారు. ఈ రంగం భాష వాళ్ల నోటికి అలవాటై ఉంటుంది. అక్కడే పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లల్లో కూడా ఇలా చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ అడుగు తేలిక. ఇంట్లో అమ్మానాన్నలకు "ఈ చదువేంట్రా, దీనికి ఉద్యోగం ఏంటి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడమే కష్టం.

ఇక్కడ చదివినవాళ్ల దగ్గర కూడా అనుభవం ఉంటుంది. దాన్ని అనుభవంగా గుర్తించకపోవడమే ఇబ్బంది. కాగితం తీసుకుని డిగ్రీ నాలుగేళ్లూ నెమరు వేసుకోండి. హాస్టల్ మెస్ కమిటీలో ఉన్నారా? అంటే బడ్జెట్, ఫిర్యాదులు, కాంట్రాక్టరుతో బేరాలు చూశారన్నమాట. ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేశారా? 2009 యూజీసీ నిబంధనల కింద ఏర్పడ్డ యాంటీ ర్యాగింగ్ కమిటీలో విద్యార్థి ప్రతినిధిగా ఉన్నారా? అది వాళ్ల భాషలో విద్యార్థి భద్రతకూ క్రమశిక్షణకూ సంబంధించిన అనుభవం. ప్లేస్‌మెంట్ కోఆర్డినేటర్‌గా కంపెనీల వాళ్లకు ఫోన్లు చేసి, ఉద్యోగం రాని స్నేహితుడి పక్కన రాత్రంతా కూర్చున్నారా? కెరీర్ సెంటర్ పని సగం అదే. ఫెస్ట్ నడిపారా, సీఆర్‌గా చేశారా, ఫస్టియర్ వాళ్లకు లెక్కలు చెప్పారా? అన్నీ రాయండి.

రాసేటప్పుడు పదవి పేరుతో ఆగకండి. "మెస్ సెక్రటరీ, 2022–23" అంటే అక్కడివాళ్లకు ఏమీ అర్థం కాదు. ఎంతమంది విద్యార్థులు, ఎంత డబ్బు, ఏ సమస్య వచ్చింది, మీరేం చేశారు, తర్వాత ఏం మారింది అన్నవి చెప్పండి. ఉపవాసాలు ఉండేవాళ్లకు భోజనం వేళలు మార్పించారనుకోండి, అది చిన్న విషయం కాదు. భిన్నమైన అవసరాలున్న విద్యార్థులను గమనించి వ్యవస్థను కదిలించారన్నమాట.

ఇప్పుడు వాళ్ల కొలబద్ద చేతికి తీసుకోండి. ఏసీపీఏ, నాస్పా కలిసి 2015లో సవరించిన వృత్తి సామర్థ్యాల పత్రంలో పది రంగాలున్నాయి: వ్యక్తిగత, నైతిక పునాదులు; విలువలు, తత్వం, చరిత్ర; మదింపు, పరిశోధన; చట్టం, విధానం, పాలన; సంస్థాగత, మానవ వనరులు; నాయకత్వం; సామాజిక న్యాయం, అందరినీ కలుపుకోవడం; విద్యార్థి అభ్యసనం, వికాసం; సాంకేతికత; సలహా, తోడ్పాటు. ఒక్కోదాని పక్కన మీ జీవితంలోంచి ఒక సంఘటన రాయగలరేమో చూడండి. ఆరింటికి రాయగలిగితే మీ పునాది బాగున్నట్టే. రెండు మూడింటికే రాయగలిగితే ఈ ఏడాది దరఖాస్తు చేసినా జీఏ దొరకడం కష్టమని నేను నిర్మొహమాటంగా చెబుతాను. అలాంటివాళ్లు ఆరునెలలో ఏడాదో విద్యార్థులతో నేరుగా పనిచేసే ఉద్యోగం చేసి రావడం మేలు.

బీటెక్ వాళ్లకు ఒక మాట. టెక్నాలజీ, డేటా మీ బలం. ప్రతి స్టూడెంట్ అఫైర్స్ విభాగానికీ సర్వేలు, గణాంకాలు, నివేదికలు చూసుకునే మనిషి కావాలి. మదింపు పనికి జీఏలు ఇచ్చే ఆఫీసులు ఉంటాయి. హాల్లో పనిచేసిన అనుభవం లేని మనకు వెళ్లగలిగే తలుపుల్లో అదొకటి. అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఇంకొకటి. కానీ ఎస్ఓపీ మొత్తం డేటా గురించే రాస్తే "ఈయనకు మనుషులతో పనుందా?" అన్న అనుమానం వస్తుంది. పాళ్లు చూసుకోండి.

అయిదో అడుగు: ఎస్ఓపీ, లేఖలు

కన్సల్టెన్సీలో రాయించిన ఎస్ఓపీ ఈ రంగంలో ఎందుకూ పనికిరాదు. "చిన్నప్పటి నుంచీ విద్యారంగంపై మక్కువ" అన్న వాక్యం దగ్గరే చదివేవాళ్లకు ఆసక్తి పోతుంది. ఒక సంఘటనతో మొదలుపెట్టండి, అది మీకు వేసిన ప్రశ్న చెప్పండి, ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ ప్రోగ్రామే ఎందుకో చెప్పండి. ఎస్ఓపీ బలాన్ని పరీక్షించే తేలిక మార్గం ఒకటుంది. మీ పేరు తీసేసి స్నేహితుడి పేరు పెట్టి చూడండి. ఎక్కడా అతకకపోతే అది మీదే. యూనివర్సిటీ పేరు మార్చినా అతికేస్తే మళ్లీ రాయండి.

సిఫారసు లేఖలు సాధారణంగా మూడు అడుగుతారు. ప్రిన్సిపాల్ సంతకంతో వచ్చే నాలుగు లైన్ల లేఖ కంటే, మిమ్మల్ని హాస్టల్లో రోజూ చూసిన వార్డెన్ రాసిన ఒక పేజీ ఎన్నో రెట్లు నయం. పాఠం చెప్పిన మాస్టారు ఒకరు, పనిలో చూసినవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి. మన దగ్గర చాలామంది లెక్చరర్లు "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అంటారు. దానికి ఒప్పుకోకండి. "సార్, మీకు గుర్తుండటానికి నేను చేసిన పనులు ఒక పేజీలో రాసిస్తాను, లేఖ మాత్రం మీ మాటల్లో రాయండి" అని గౌరవంగా అడగండి. సెప్టెంబరులోనే అడగండి, సెమిస్టర్ పరీక్షల వేళ వాళ్లకు తీరిక ఉండదు.

ఆరో అడుగు: ప్రోగ్రాంని అడగాల్సినవి అడగండి

ఎంసెట్ జాబితాలో దొరకనిది ఇక్కడ ఒక ఈమెయిల్‌తో దొరుకుతుంది. చాలా ప్రోగ్రాములకు కోఆర్డినేటర్ ఉంటారు, మర్యాదగా అడిగితే చెబుతారు. నాస్పా నడిపే గ్రాడ్యుయేట్ ప్రోగ్రాముల డైరెక్టరీలో మొదటి వడపోత చేసుకుని, తర్వాత ఇవి అడగండి. బ్యాచ్ ఎంతమంది? కిందటేడాది ఎంతమందికి జీఏ వచ్చింది? జీఏ ఉంటే ఫీజు పూర్తిగా మాఫీనా, బయటి రాష్ట్రం వాళ్ల అదనపు ఫీజు వరకేనా? మాఫీ కాని రుసుములు, ఆరోగ్య బీమా ఎంత? రెండో ఏడాది జీఏ కొనసాగుతుందా? ఈ మధ్య ఎఫ్-1 విద్యార్థులను తీసుకున్నారా, వాళ్లకు ఏ ఆఫీసుల్లో జీఏ దొరికింది?

ఆ చివరి ప్రశ్న విలువైనది. అంతర్జాతీయ విద్యార్థి ఒక్కరూ చేరని ప్రోగ్రాంకి మీరు మొదటివారు కావచ్చు, తప్పులేదు. కానీ మీ అంచనాలో ఆ సంగతి కనిపించాలి. ఇప్పుడు చదువుతున్నవాళ్లు ఒకరిద్దరితో మాట్లాడించమని కూడా అడగండి.

జవాబుల్లో అంకెలు వస్తే జాగ్రత్తగా చదవండి. 120 దరఖాస్తులు, 20 మంది బ్యాచ్ అన్నారనుకుందాం. ఆరుగురిలో ఒకరికే సీటు అని బెంబేలెత్తకండి. కొందరు వేరేచోటికి పోతారని తెలుసు కాబట్టి బ్యాచ్ కంటే ఎక్కువమందికే ఆఫర్లు ఇస్తారు. ఎంతమంది చేరారని కాక, ఎంతమందికి ఆఫర్ ఇచ్చారని అడగండి.

రాష్ట్రాన్ని కూడా చూడండి. టెక్సస్‌లో 2024 జనవరి 1 నుంచి, ఒహాయోలో 2025 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన చట్టాల వల్ల ప్రభుత్వ యూనివర్సిటీల్లో డైవర్సిటీ ఆఫీసులు (భిన్న నేపథ్యాల విద్యార్థుల కోసం పనిచేసేవి) మూతపడ్డాయి. మల్టీకల్చరల్ సెంటర్లలో జీఏ చేయాలన్న ఆలోచనతో పాత వివరాలు చదివి ఆ రాష్ట్రాలకు దరఖాస్తు పెడితే, ఆ ఉద్యోగమే ఇప్పుడు ఉండకపోవచ్చు. ఈ ఏడాది ఏయే ఆఫీసులు జీఏలను తీసుకుంటున్నాయో తాజా జాబితా అడగండి.

ఏడో అడుగు: ఇప్పుడు లెక్క వేయండి

ప్రతి ప్రోగ్రాంకీ రెండు అంకెలు రాయండి. ఒకటి, అడ్మిషన్ వచ్చే అవకాశం. రెండు, అడ్మిషన్ వచ్చాక జీఏ వచ్చే అవకాశం. ఇవి మీ అంచనాలే, అయినా రాయండి. రాస్తేనే మీ ఆలోచన ఎక్కడ గాలిలో ఉందో కనిపిస్తుంది. ఉదాహరణకు అడ్మిషన్ అవకాశం 60 శాతం, జీఏ అవకాశం 40 శాతం అనుకుందాం. రెండింటినీ గుణిస్తే 24 శాతం. అంటే మంచి అవకాశం ఉందనుకున్న ప్రోగ్రాంలో కూడా డబ్బుతో సహా సీటు వచ్చేది నాలుగింట ఒక వంతే. నాలుగు అడ్మిట్లు వచ్చి ఒక్కచోటికీ వెళ్లలేకపోవడం ఇందుకే జరుగుతుంది.

ఇలాంటివి ఆరు ప్రోగ్రాములుంటే? ఒక్కోచోట రాకపోయే అవకాశం 76 శాతం. ఆరుచోట్లా రాకపోయే అవకాశం దాదాపు 19 శాతం. అంటే కనీసం ఒకచోట రావడానికి 81 శాతం. నాలుగు ప్రోగ్రాములకే పెడితే ఇది 67 శాతానికి దిగుతుంది. కాకపోతే ఈ లెక్క ప్రతి ప్రోగ్రామూ దేనికదే విడిగా నిర్ణయిస్తుందని అనుకుని వేసింది. అన్నిచోట్లకూ వెళ్లేది మీ ఒకే రెజ్యూమె కాబట్టి, దానిలో లోపముంటే అది ఆరుచోట్లా దెబ్బకొడుతుంది. వచ్చిన అంకెను కాస్త తగ్గించుకునే చూడండి. ఆరు నుంచి ఎనిమిది ప్రోగ్రాములు సరిపోతాయని నా అభిప్రాయం. పదిహేనింటికి పెడితే ఒక్కదానికీ ఎస్ఓపీ సరిగా రాయలేరు. పైగా ఫీజు, సర్టిఫికెట్ల ఖర్చు ప్రతిదానికీ కట్టాలి.

మూడో అంకె ఒకటి ఇంట్లోవాళ్లతో కూర్చుని రాయాలి: జీఏ రాకపోతే ఎంతవరకు అప్పు చేయగలం? ఈ వృత్తిలో మొదటి ఉద్యోగం జీతం సాఫ్ట్‌వేర్ జీతంలా ఉండదు. పొలమో ఇల్లో తాకట్టు పెట్టి పూర్తి ఫీజుతో ఈ డిగ్రీ చేయొద్దని నేను గట్టిగా చెబుతాను. ఆ గీత ముందే గీసుకుంటే ఏప్రిల్‌లో ఆశలో పడి తప్పు నిర్ణయం తీసుకోరు.

ఎనిమిదో అడుగు: ఇంటర్వ్యూ రోజులు

దరఖాస్తు గడువులు ఎక్కువగా డిసెంబరు మొదలు నుంచి జనవరి మధ్యలో ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలలో చాలా ప్రోగ్రాములు ఇంటర్వ్యూ రోజులు పెడతాయి. అభ్యర్థులు క్యాంపస్‌కి వచ్చి రెండు రోజుల్లో ప్రొఫెసర్లనూ నాలుగైదు ఆఫీసుల వాళ్లనూ కలుస్తారు. ఇండియా నుంచి వెళ్లడం అయ్యే పని కాదు కాబట్టి, వీడియోలో చేసే వీలుందా, అలా చేసినవాళ్లకు కిందటేడాది జీఏలు దక్కాయా అని ముందే అడగండి. ఫిబ్రవరిలో న్యూయార్క్ సమయానికి మనం పదిన్నర గంటలు ముందుంటాం. వాళ్ల ఉదయం 9 అంటే మనకు రాత్రి 7:30. వరుసగా నాలుగు ఇంటర్వ్యూలంటే అర్ధరాత్రి అవుతుంది. కరెంటు, నెట్ ఏర్పాట్లు చూసుకోండి, పగలు కాస్త నిద్రపోండి.

ప్రశ్నలు సందర్భాల రూపంలో ఉంటాయి. "మీ హాల్లో ఒక విద్యార్థి మూడు రోజులుగా గది దాటి రావడం లేదు, ఏం చేస్తారు?" మన మొదటి జవాబు సాధారణంగా "వాళ్ల పేరెంట్స్‌కి ఫోన్ చేస్తాను" అని ఉంటుంది. అక్కడ పద్దెనిమిది నిండిన విద్యార్థి వివరాల గోప్యతకు ఫెర్పా అనే చట్టం ఉంది, 1974 నాటిది. ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు ఉన్నప్పుడు దానిలో మినహాయింపు ఉంటుంది. అయినా కొత్తగా చేరిన జీఏ సొంతంగా ఆ నిర్ణయం తీసుకోకూడదు. ముందు ఆ విద్యార్థితో మాట్లాడటం, అవసరమైతే డ్యూటీలో ఉన్న పై అధికారికీ కౌన్సెలింగ్ కేంద్రానికీ చెప్పడం, తర్వాత మళ్లీ పలకరించడం. ఈ వరుసలో ఆలోచించడం ముందే సాధన చేయండి. మన దగ్గర ఎలా ఉండేదో, అక్కడ ఎందుకు వేరుగా చేస్తారో చెప్పగలిగితే అది మీ బలమే అవుతుంది.

తొమ్మిదో అడుగు: వీసా, ఆపై ఉద్యోగం

ఇవి అడ్మిషన్ అవకాశంలో భాగం కాదని వదిలేస్తారు, కానీ సీటు విలువ తేలేది వీటితోనే. ఈ డిగ్రీలు సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉండవు, కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, పన్నెండు నెలలే. ఇప్పటికే అమెరికాలో ఎంఎస్ చేసి ఆ స్థాయిలో ఓపీటీ పూర్తిగా వాడేసినవాళ్లకు రెండో మాస్టర్స్‌తో మళ్లీ ఓపీటీ రాదు. డెస్క్ అసిస్టెంట్‌గా పనిచేసి ఈ రంగం మీద ఇష్టం పెంచుకున్న మనవాళ్లు దీన్ని తప్పకుండా తెలుసుకోవాలి. ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. యూనివర్సిటీలకు హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా లాటరీ పరిమితి వర్తించదు. అయితే 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటనతో కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము తెచ్చారు. అది ఎవరికి వర్తిస్తుందో మీరు చేరే సమయానికి ఉన్న నిబంధనలు చూసుకోవాలి. కాలేజీలన్నీ స్పాన్సర్ చేయవు కూడా. ప్రోగ్రాం నుంచి ఇటీవల బయటికొచ్చిన ఎఫ్-1 విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారని అడగండి.

రెసిడెన్స్ హాల్ జీఏలకు ఇంకో చిక్కుంది. వాళ్ల శిక్షణ తరగతుల కంటే రెండు మూడు వారాల ముందే మొదలవుతుంది. ఎఫ్-1 విద్యార్థి తరగతులు మొదలవడానికి 30 రోజుల కంటే ముందు క్యాంపస్ పనిలో చేరకూడదు. ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) రాసిన కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు దేశంలోకి రాకూడదు. ఆఫర్ రాగానే శిక్షణ తేదీ అడిగి, అంతర్జాతీయ ఆఫీసుతో మాట్లాడి ఐ-20 తేదీలు దానికి తగ్గట్టు ఉండేలా చూసుకోండి.

పదో అడుగు: ఏప్రిల్ 15

కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలు, ఆర్థిక సహాయంతో కూడిన ఆఫర్‌కి ఏప్రిల్ 15లోపు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందా, మీకొచ్చిన జీఏ దాని కిందికి వస్తుందా అని అడిగి తెలుసుకోండి. క్యాంపస్ ఆఫీసులు ఇచ్చే జీఏలకు కొన్నిచోట్ల వేరే గడువులుంటాయి. మూడు రోజుల్లో చెప్పమంటే టెన్షన్ పడకుండా, ఇంకో ప్రోగ్రాం జవాబు కోసం ఎదురుచూస్తున్నానని, ఫలానా తేదీ వరకు సమయం కావాలని రాయండి. వెయిట్‌లిస్ట్‌లో ఉంటే ఏప్రిల్ 15 దాటిన వారంలోనే ఎక్కువ కదలిక ఉంటుంది. ఆ రోజుల్లో ఫోన్ దగ్గరే ఉండండి, ఆసక్తి తగ్గలేదని ఒక చిన్న మెయిల్ పంపండి.

సీటు వచ్చి జీఏ రాకపోతే వెంటనే వద్దనుకోకండి. ఒప్పుకున్నవాళ్లు కొందరు మే, జూన్‌లలో తప్పుకుంటారు, ఆఫీసులు మళ్లీ ప్రకటనలు వేస్తాయి. యూనివర్సిటీ ఉద్యోగాల పేజీని వారానికోసారి చూడండి, మీ పేరు గుర్తుపెట్టుకోమని కోఆర్డినేటర్‌కి చెప్పండి. కానీ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్లాట్ దొరకడం, కొత్త ఐ-20 రావడం రెండూ కలిసి రావాలి కాబట్టి, ఎప్పటివరకు ఎదురుచూస్తారో తేదీ పెట్టుకోండి. ఆ తేదీ దాటితే అడ్మిషన్‌ని ఏడాది వాయిదా వేయమని అడగొచ్చు. చాలాచోట్ల సీటు వాయిదా పడుతుంది, జీఏ కోసం మాత్రం మళ్లీ మొదటి నుంచి పోటీపడాలి. ఆ ఏడాదిలో ఏదైనా కాలేజీ హాస్టల్లోనో విద్యార్థి సహాయ విభాగంలోనో పనిలో చేరండి. పది సామర్థ్యాల కాగితంలో ఖాళీగా మిగిలిన గడులు ముందు పెట్టుకోండి. అక్టోబరులో నాస్పా జరిపే కెరీర్స్ ఇన్ స్టూడెంట్ అఫైర్స్ నెలలో ప్రోగ్రాముల వాళ్లతో మళ్లీ మాట కలపండి. కిందటిసారి ఇంటర్వ్యూ చేసిన ఆఫీసుకి ఒక మెయిల్ రాసి, ఈసారి నాలో ఏం చూడాలనుకుంటున్నారని అడగండి.